సూరాంబ పోకరు పాఠాలు

ఒక పెద్ద అడవిలో నీటిగుంట మాత్రం చిన్నది. ఎండాకాలం వస్తే పొద్దున్నే మొదట తాగినవాళ్ళకే తేటనీళ్ళు. ఆఖర్న వచ్చినవాళ్ళకి దున్నలు పొర్లిన బురద.

మొదటి వంతు కోసం ఏటా కొట్లాటే. ఈసారి ఏదుపంది సూరాంబ అడవి జంతువుల సంఘం ముందుకొచ్చి నిలబడింది. ఆవిడ బడికి వెళ్ళలేదు, పంతులు గడప తొక్కనివ్వలేదు. ఫారెస్టు బంగళా చెత్తకుప్పలో దొరికిన ప్రతి కాగితాన్నీ నమిలేముందు చదివి, ఇంతదయింది. నాలుక్కి కూడా ముళ్ళొచ్చాయి.

"కొట్లాట మొరటు పద్ధతి. పోకరు పేకాట పెట్టండి. బుర్ర ఉన్నవాళ్ళకి నీళ్ళు," అంది.

బుర్ర ఎవరికుందో ఆవిడకి అనుమానమేం లేదు. అడవి మొత్తానికి పోకరు పుస్తకం ఒక్కటే, అది ఆవిడ బొరియలోనే ఉంది.

ప్రెసిడెంటు ఎలుగుబంటికి ఒక్క ముక్క అర్థం కాలేదు. "చాలా శాస్త్రీయంగా ఉంది," అని తీర్మానం చేశాడు.

ఆటకి నలుగురు కూర్చున్నారు: సూరాంబ, ఎలుగుబంటి, సెక్రటరీ నక్క, గుడ్లగూబ తాత. తాతకి పగలు చూపు ఆనదు. ముక్కని ముక్కుకి తాకించి చూసుకోవడం, పడేసి కునుకు తీయడం.

"తలా ఐదు ముక్కలు," పాఠం మొదలెట్టింది సూరాంబ. "పనికిరానివి పడేసి కొత్తవి తీసుకోండి. జత కన్నా రెండు జతలు గొప్ప, వాటికన్నా ఒకే రకం మూడు గొప్ప. బాగుంటే గచ్చకాయలతో పందెం పెంచండి, లేకపోతే తప్పుకోండి. సాయంత్రానికి ఎవరి దగ్గర ఎక్కువ కాయలుంటే రేపు వాళ్ళదే మొదటి వంతు, తక్కువున్నవాళ్ళది ఆఖరిది. ముఖ్యంగా ఎదుటివాళ్ళ మొహం చదవాలి. అది మీవల్ల కాదులెండి."

ఆవిడకి మూడు రాణులొచ్చాయి. నక్కా ఎలుగూ వెంటనే ముక్కలు పడేశారు. తర్వాత చెత్తొచ్చింది. పెద్ద పందెం కాసి బెదిరించబోయింది. ఇద్దరూ నవ్వుతూ ఇంకా పెంచారు.

మర్నాడు సూరాంబ బురద తాగింది.

"లోపం ఆటది," అని ఏడు ముక్కల పోకరు పెట్టించింది. తలా మూడు మూసి, నాలుగు తెరిచి, ఏడింట్లో మంచివి ఐదు. మళ్ళీ బురదే.

"అక్షరం ముక్క రాని వెధవ్వి, ఎలా గెలుస్తున్నావురా?" అని నక్క మీద పడింది.

నక్కకి రోషం వచ్చింది. "మొహాలు చదవడం మాకేం వచ్చు సూరాంబక్కా? మంచి ముక్కొస్తే నీ ముళ్ళు లేస్తాయి. చెత్తొస్తే పడుకుంటాయి. పొద్దస్తమానం వాటినే చూస్తాం."

సూరాంబ బొరియకెళ్ళి వెతికింది. పుస్తకంలో ఎదుటివాళ్ళ మొహాల గురించి ఇరవై పేజీలున్నాయి. సొంత వీపు గురించి ఒక్క వాక్యం లేదు.

మూడోరోజు కొత్త పాఠం. "చేతిలో రెండే ముక్కలు. నేలమీద అందరికీ ఉమ్మడిగా ఐదు. ఇది పండితుల ఆట."

ఆవిడకి ఒక రెండు, ఒక ఏడు వచ్చాయి. నేలమీద వాటికి కలిసేది ఒక్కటి లేదు. సూరాంబ కళ్ళు మూసుకుని, గడప తొక్కనివ్వని పంతుల్ని తలుచుకుంది. ముళ్ళన్నీ ఒక్కసారిగా నిక్కబొడుచుకున్నాయి. ఉన్న గచ్చకాయలన్నీ ముందుకు తోసింది.

"అమ్మో!" నక్క ముక్కలు పడేశాడు. ఎలుగుబంటి పడేసి రెండడుగులు వెనక్కి జరిగాడు.

గుడ్లగూబ తాత ముక్కలు ముక్కుకి తాకించుకున్నాడు. తన కాయలన్నీ తోశాడు. "నా దగ్గర తొమ్మిదుల జత ఉందమ్మా. షో."

"తాతా! నా ముళ్ళు చూడలేదూ?"

"ముళ్ళేవిటి తల్లీ? నువ్వు కుందేలువి కాదూ?"

మర్నాడు మొదటి వంతు తాతది. పొద్దున్నే ఆయన నిద్రలో ఉన్నాడు కాబట్టి ఆయన తరఫున సెక్రటరీ తాగాడు.

ఆఖర్న సూరాంబ వచ్చింది. బురదలో మూతి పెట్టి, "ఇందులో ఖనిజాలుంటాయని ఎక్కడో చదివాను," అంది. వినడానికి ఎవరూ లేరు.

నీతి: చదువుకున్నవాళ్ళెప్పుడూ ఓడిపోరు, ఎదుటివాళ్ళకి కళ్ళు కనపడవంతే.