పది గంటలకు పోటు

పడవల సంఘం కార్యదర్శి ఆ ఉదయం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అద్దం ముందు నిలబడి, ఇంజనీరుకు చెప్పబోయే నాలుగు ముక్కలూ ఐదోసారి వల్లించుకున్నాడు. సంఘంలో ఉన్నవి పన్నెండే పడవలు. చేపలు పట్టేవి కావు, సరుకు మోసేవి కావు. సెలవు రోజున పళ్ళ డాక్టరు, దర్జీ, లెక్కల మాస్టారు లాంటివాళ్ళు సముద్రపు గాలి పీల్చుకోవడానికి నడుపుకునేవి. వాళ్ళ కోసం ఆయన నెలనెలా ఎనిమిది పేజీల పత్రిక తెస్తాడు. రాసేదీ, దిద్దేదీ, కుట్టేదీ ఆయనే. సముద్రంలోకి పోయే కాలువ ఇసుకతో పూడిపోతోంది, తవ్వించండి మహాప్రభో అని మూడేళ్ళుగా ప్రతి సంచికలోనూ మొత్తుకున్నాడు. తన పటంలో కాలువ లోతు పదడుగులుంది కనుక తవ్వనక్కర్లేదని రేవు కార్యాలయం ఇంజనీరు మూడేళ్ళుగా జవాబిస్తున్నాడు.

ఆ రోజు పదింటికి ఆఖరి విచారణ. ఫిర్యాదు నిలబడకపోతే ఫైలు మూసేస్తారు. ఇంకో ఏడాదికి కాలువ నోరు పూడుకుపోతుంది, పడవలన్నీ అమ్ముకోవాల్సిందే. కార్యదర్శి పడవ ఆయనా భార్యా కలిసి పదకొండేళ్ళు పెరట్లో స్వయంగా కట్టుకున్నది. దాన్ని ఇంకొకరు నడుపుతుంటే ఒడ్డున నిలబడి చూడటం తన వల్ల కాదని ఆయనకు బాగా తెలుసు.

అందుకే ఏర్పాట్లు ఘనంగా చేశాడు. పన్నెండు పడవలూ జెండాలు కట్టుకుని బారుగా బయల్దేరి, నీరు బాగా పొంగి ఉన్నప్పుడు కాలువ దాటి, పది కొట్టేసరికి రేవు కార్యాలయం ముందు దిగాలి. దిగి అర్జీ ఇవ్వాలి.

"ఏవండీ, నీళ్ళు మూడో మెట్టు దిగిపోతున్నాయి," వంటింటి కిటికీలోంచి చూస్తూ అంది భార్య. వాళ్ళింటి వెనక మెట్లు నేరుగా కాలువలోకే దిగుతాయి.

"దిగవు. పదింటికి పోటు. పత్రికలో వేశాం."

"వేసింది మీరే కదా!"

"అందుకేగా ఇంత నమ్మకంగా చెబుతున్నా!"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో పొద్దున్నే వాదనెందుకని ఆవిడ గిన్నెలు తోమడంలో పడింది.

అసలు జరిగింది ఇదీ. పత్రికలో ఆటుపోట్ల పట్టికకు రెండు వరసలుంటాయి. నీరు తీసే వేళలు ముందు, నీరు పొంగే వేళలు వెనక. పడవలవాళ్ళకు కావలసింది పోటు గనక దానికి పెద్దపీట వేద్దామని నిన్నటి సంచికలో ఆయన 'పోటు' అన్న శీర్షికను తీసుకొచ్చి ముందు వరస మీద పెట్టాడు. కింద అంకెలు మార్చడం మరిచిపోయాడు. అంటే, పదింటికి సముద్రం పొంగి రావడం మాట అటుంచి, ఉన్న నీరు కూడా తీసుకుపోతుంది.

రేవు దగ్గర లోతెక్కువ కాబట్టి బయల్దేరడం మాత్రం బాగానే బయల్దేరారు. అందరికన్నా ముందు పళ్ళ డాక్టరు, అందరికన్నా వెనక కార్యదర్శి. అరగంటకల్లా డాక్టరు ఫోన్ చేశాడు.

"సెక్రటరీగారూ, నీళ్ళు తగ్గుతున్నట్టున్నాయండీ."

"పత్రిక దగ్గరుందా?"

"ఉంది."

"ఏమని ఉంది?"

"పోటనే ఉంది. నా కళ్ళే బాలేనట్టున్నాయి, క్షమించండి," అని డాక్టరు ముందుకు పోనిచ్చాడు. పోనిచ్చిన మరుక్షణం పడవ ఇసుకలో కరకరమంటూ కూరుకుపోయింది.

తోటి పడవ ఆగితే దాటిపోరాదని పత్రిక మొదటి పేజీలో ప్రతి నెలా లావు అక్షరాల్లో ఉంటుంది. అది కార్యదర్శి పెట్టిన నియమమే. కాబట్టి దర్జీ తాడు విసిరి డాక్టరును లాగబోయి తానూ దిగబడ్డాడు. దర్జీని లాగబోయి లెక్కల మాస్టారు, మాస్టారును లాగబోయి ఆ వెనకాయన. ఒక్కరూ నియమం తప్పలేదు. తొమ్మిదింబావుకల్లా పదకొండు పడవలు తలో వైపుకు ఒరిగి, జెండాలతో సహా నిలిచిపోయాయి. పన్నెండోది కార్యదర్శిది. ఆయనా నియమం పాటించాడు.

"సముద్రం ఇవాళ కాస్త ఆలస్యంగా నడుస్తోంది, ఓపిక పట్టండి!" అని అందరికీ వినపడేలా అరిచాడు. సంచీలో అర్జీ కోసం వెతికాడు. ప్రసంగం ఐదు ప్రతులున్నాయి, అర్జీ లేదు. ఇంట్లో అద్దం ముందే ఉండిపోయింది. భార్యకు ఫోన్ చేసి, "అర్జీ పట్టుకుని రోడ్డు మీదుగా ఆఫీసుకి వెళ్ళు," అన్నాడు. ఆ తర్వాత కార్యాలయానికి ఫోన్ చేసి, పన్నెండు పడవలూ కాలువలో ఆగాయి, కొంచెం ఆలస్యమవుతుందని విన్నవించుకున్నాడు.

ఆ మాట ఇంజనీరు దాకా పోయేసరికి, పన్నెండు పడవలవాళ్ళు కాలువకు అడ్డంపడి ధర్నా చేస్తున్నారని తయారైంది. ఆయన పటం చంకన పెట్టుకుని తేలికపాటి ఆఫీసు పడవలో, ఒరిగిన పడవల పక్కనుంచి కార్యదర్శి దాకా శరవేగంగా వచ్చాడు.

"ఏమిటండీ ఈ దౌర్జన్యం? దారికి అడ్డం పెడతారా?"

"పెట్టలేదు సార్, పడ్డాం."

"నడపడం చేతకాక కాలువ మీద పెడుతున్నారా! ఇదిగో చూడండి, సరిగ్గా ఇక్కడ పదడుగుల లోతు..."

ఆఫీసు పడవ ధన్‌మని ఆగింది. ఇంజనీరు పటం మీద వేలు తీయకుండానే ముందుకు తూలి, కార్యదర్శి పడవ అంచు పట్టుకుని నిలబడ్డాడు.

అప్పుడు కనిపించింది భార్య. ఓ చేత చెప్పులు, ఇంకో చేత అర్జీ పట్టుకుని, పాదాలు మునిగే నీళ్ళలో కాలువ మధ్య నుంచి తాపీగా నడిచి వస్తోంది. ఇంజనీరు పటం వంక ఓసారి, ఆవిడ పాదాల వంక ఓసారి చూశాడు.

"ఎక్కణ్ణించమ్మా రావడం?"

"మా ఇంటి మెట్ల దగ్గర్నుంచి. ఆఫీసుకే వస్తున్నా, మీరే ఎదురొచ్చారు."

"నడిచా?"

"ఈదడానికి నీళ్ళుండాలిగా సార్."

ఇంజనీరు పటాన్ని మడతపెట్టి, అర్జీ అందుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివాడు. మూడేళ్ళలో సంఘం రాసినదేదైనా ఆయన పూర్తిగా చదవడం అదే మొదటిసారి.

"ఓ మాట చెప్పనా సెక్రటరీగారూ," అన్నాడు గొంతు తగ్గించి. "మీరందరూ పదింటికల్లా జెండాలతో ఠంచనుగా వచ్చి ఉంటే, కాలువ భేషుగ్గా ఉందని రాసి ఫైలు మూసేసేవాణ్ణి. ఆ కాగితం టైపు కూడా అయిపోయింది."

కార్యదర్శి ప్రసంగం ప్రతుల్ని సంచీ అడుక్కి తోసేశాడు. మూడేళ్ళు మొత్తుకుని, చివరికి తన చేజేతులా చేయబోయిన పని అదన్నమాట! ఇంజనీరు మాత్రం పడవ అంచు మీదే అర్జీ ఆనించి, 'వచ్చే నెలలో తవ్వకం మొదలుపెట్టాలి' అని రాసి సంతకం చేశాడు. ఇసుకలో దిగబడ్డ పదకొండు పడవల్లోంచీ చప్పట్లు మోగాయి.

నీళ్ళు తిరిగి వచ్చేదాకా భార్యాభర్తలిద్దరూ తమ పడవలోనే ఒరిగి కూర్చున్నారు. ఆయన చేత్తో పడవ చెక్క నిమిరాడు.

"పట్టికలో వరస తారుమారు చేశానే," అన్నాడు మెల్లగా.

"తెలుసు. మీరు స్నానంలో ఉన్నప్పుడు చూశా."

"మరి చెప్పలేదేం?"

"చెప్పా. మూడో మెట్టని."

తరువాతి సంచికలో విజయగాథ ఆరు పేజీలు ఆక్రమించింది. చివరి పేజీలో అడుగున, సన్న అక్షరాల్లో ఒక సవరణ కూడా పడింది: 'గత సంచికలో మేము ప్రకటించిన వేళలను సముద్రం పాటించలేదు, చింతిస్తున్నాము.'