నిండు నూరేళ్ల బన్ను

ఇకపై ప్రభుత్వాసుపత్రుల్లో ఎవరూ తిండి వల్ల చనిపోరని మంత్రిగారు ప్రకటించారు. మిగతా కారణాల సంగతి ఆయా శాఖలు చూసుకుంటాయన్నారు. పథకం పేరు 'నిండు నూరేళ్లు'. సభ చప్పట్లతో మారుమోగింది.

చప్పట్లు కొట్టనిది డైట్ మేడం ఒక్కతే. ఏ రోగికి ఏం పెట్టాలో నిర్ణయించే ఉద్యోగం ఆమెది. వేదిక వెనక కట్టిన బ్యానర్ చదవడంలో మునిగిపోయి చప్పట్లు మరిచిపోయింది.

'మొక్కల ఆహారం ఆయుష్షు. జంతువుల ఆహారం మృత్యువు.' కింద ఆధారంగా ఆమె రాసిన నివేదికే ఉంది.

ఆమె రాసింది అది కాదు. నాణ్యమైన మొక్కల ఆహారం తినేవాళ్లలో మరణాలు తక్కువనీ, నాసిరకం తినేవాళ్లలో ఎక్కువనీ రాసింది. చేపా గుడ్డూ వేరు, ఉప్పులో ఊరేసి డబ్బాల్లో కుక్కిన మాంసం వేరు అని కూడా రాసింది. సభ ముగియగానే మంత్రిగారి పీఏని పట్టుకుంది.

"సార్, 'నాణ్యమైన' అనే మాట ఏమైంది?"

"మొదట పెట్టామండీ. పెడితే సార్ చెవి పోయింది."

"చెవా?"

"ఫోటోలో. బ్యానర్ వెడల్పు ఎంతో అంతేగా! ఆ మాట తీసేస్తే చెవి వచ్చింది. మీరే చెప్పండి, మంత్రికి చెవి ముఖ్యమా, మీ విశేషణమా?"

ప్రజల మొర వినవలసిన చెవి. బ్యానర్ మీదున్నదే, బయటి తిండి లోపలికి రాకూడదన్న షరతుతో కలిపి, సాయంత్రానికి ఉత్తర్వు అయింది. ఆసుపత్రి తరఫున కింద సంతకం ఆమె చేతే పెట్టించారు.

మర్నాడు ఆమె గదిలోనే కమిటీ కూర్చుంది. మొక్క నుంచి వచ్చినదానికి ఆకుపచ్చ స్టిక్కరు, జంతువు నుంచి వచ్చినదానికి ఎర్ర స్టిక్కరు.

"చక్కెర?" అని చదివాడు గుమాస్తా.

"చెరకు మొక్కేగా. ఆకుపచ్చ," అన్నాడు అధ్యక్షుడు.

"కూల్‌డ్రింకు?"

"అందులో ఏముంటాయి?"

"నీళ్లు, చక్కెర, రంగు."

"జంతువేమైనా ఉందా?"

"కనిపించలేదండి."

"ఆకుపచ్చ."

మైదా బన్నూ, చిప్సూ ఆడుతూ పాడుతూ గట్టెక్కాయి. తేనె దగ్గర మాత్రం కమిటీ చాలాసేపు తర్జనభర్జన పడి, తేనెటీగకూ ప్రాణముందని తేల్చి ఎర్ర స్టిక్కరు అంటించింది. గుడ్డు, చేప, పెరుగుల విషయంలో ఎవరూ తల కూడా ఎత్తలేదు.

"మరి చిక్కుడుగింజలు, ఆకుకూరలు?" అంది డైట్ మేడం ఆశగా.

"మొక్కలే. కానీ ఏరేదెవరు, ఉడికించేదెవరు? బన్నూ మొక్కే కదమ్మా! మొక్కకీ మొక్కకీ మధ్య తేడాలు చూపడం మా విధానం కాదు."

ఆ ఆసుపత్రిలోనే పైఅంతస్తులో ఆమె అన్నయ్య ఉన్నాడు. బస్సు డ్రైవరుగా పనిచేసి దిగిపోయిన మనిషి. అమ్మానాన్నలు పోయాక ఆమెకు మిగిలింది ఆయనొక్కడే. కడుపు ఆపరేషన్ అయింది, పుండు మానడం లేదు. "గుడ్డో, చేపో, గింజలో కడుపులో పడాలి. లేకపోతే మళ్లీ కొయ్యాలి. ఈ ఒంటికి రెండో కోత అంటే నేను మాటివ్వలేను," అన్నాడు సర్జన్.

మధ్యాహ్నం బన్ను, చిప్సు, నారింజరంగు డ్రింకు వచ్చాయి. అన్నయ్య పళ్లెం వైపు చూసి, "ఏమ్మా, ఇది ఆసుపత్రా, సినిమా హాలా? ఇంటర్వెల్ ఎంతసేపు?" అన్నాడు.

ఆమె నవ్వింది. నవ్వుతూనే వరండాలోకి వెళ్లి, కళ్లు తుడుచుకుని వచ్చింది.

మర్నాడు ఇంటి నుంచి గుడ్లు ఉడకబెట్టి తెచ్చింది. గేటు దగ్గర కాపలాదారు సంచి తడిమాడు.

"మేడం, గుండ్రంగా తగులుతున్నాయి."

"నా సంచి కూడా వెతుకుతావా బాబూ?"

"బయటి తిండి లోపలికి రాకూడదని ఉత్తర్వు మేడం. కింద మీ సంతకమే. మీరే ఇలా చేస్తే ఎలా?"

"పోనీ, తీసుకున్నవి ఏం చేస్తారు?"

"ధ్వంసం చేస్తాం మేడం," అన్నాడు మూతి తుడుచుకుంటూ.

పథకం వచ్చాక కాపలావాళ్ల ఆరోగ్యం బాగా మెరుగుపడిన మాట వాస్తవం.

వారం తిరిగేలోగా మంత్రిగారు కెమెరాలతో వార్డుకు వచ్చారు. పీఏ అన్నయ్య మంచాన్ని ఎంచుకున్నాడు. కిటికీ పక్కన కాబట్టి వెలుతురు బాగుంది. ఫోటోగ్రాఫర్ మాత్రం పెదవి విరిచాడు.

"పళ్లెంలో అంతా పసుపే సార్. చూసినవాళ్లు పిల్లల పుట్టినరోజు అనుకుంటారు."

పీఏ కారు దగ్గరికి పరుగెత్తి మంత్రిగారి భోజనం క్యారియర్ తెచ్చాడు. కాల్చిన చేప, ఉడికిన గుడ్డు, ఆకుకూర, చిక్కుడుగింజలు. మంత్రిగారికి షుగరు, ఇంకేమీ ముట్టకూడదని ఆయన డాక్టరు ఆంక్ష. పీఏ దాన్ని అన్నయ్య ముందు పెట్టి, చేప మీద ఒకటి, గుడ్డు మీద ఒకటి ఆకుపచ్చ స్టిక్కర్లు అంటించాడు. మంత్రిగారు చిరునవ్వు నవ్వారు. ఫోటో పడింది.

కెమెరాలు సర్ది చూస్తే క్యారియర్ ఖాళీ. స్టిక్కర్లు మాత్రం శుభ్రంగా ఒలిచి పక్కన పెట్టి ఉన్నాయి.

"అంతా మీ చలవే సార్," అన్నాడు అన్నయ్య వేళ్లు నాకుతూ. "రేపూ వస్తారా?"

మంత్రిగారికి ఆకలి నకనకలాడుతోంది. పీఏ వినయంగా బన్ను అందించాడు.

"ఏరా, నన్ను చంపుదామనుకున్నావా?" అని గర్జించారాయన.

అప్పటికే మైకులు కట్టేశారు కాబట్టి అది ప్రకటన కిందికి రాలేదు.

మర్నాడు అన్ని పత్రికల్లో ఆ ఫోటోనే. మధ్యాహ్నానికి దాన్ని ఫ్రేము కట్టించి ప్రతి మంచం తలవైపునా తగిలించారు. వెనకే పీఏ వచ్చాడు. ఫోటోలోని రోగి పథకం వల్ల పూర్తిగా కోలుకున్నాడు కనుక ఈ రోజే ఇంటికి పంపాలట.

"పుండు ఇంకా పచ్చిగానే ఉందండీ!" అన్నాడు సర్జన్.

"పత్రికలో మానిపోయింది డాక్టర్."

సర్జన్ డైట్ మేడం వైపు చూశాడు. "రోజూ కట్టు కట్టిస్తాను డాక్టర్, తిండి సంగతి నాకొదిలేయండి," అని ఆమె గబగబా అన్నయ్య బట్టలు సర్దింది. ఇంట్లో పొయ్యి ఉంది, గేటు లేదు.

"పథకం లేకపోతే ఏమైపోయేవాణ్ణమ్మా! ఇంకో నెల ఇక్కడే తినేవాణ్ణి," అన్నాడు అన్నయ్య చక్రాల కుర్చీలో కూర్చుంటూ.

ఆమె కుర్చీ తోసుకుంటూ కదిలింది. పక్క మంచం మీది ముసలాయన కొరికిన బన్ను కింద పెట్టి, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అమ్మా, నా ఫోటో ఎప్పుడు తీస్తారు?"