జి మేజర్‌కు మాత్రమే అనుమతి

గిటారు వాయించే యుగం ముగిసిందనీ, గిటారుకు తగిన శబ్దం కుదుర్చుకునే యుగం మొదలైందనీ అందరూ గ్రహించవలసిన సమయం వచ్చింది. పూర్వం మనుషులు వట్టి అజ్ఞానులు. గిటారు చేతికి దొరకడమే ఆలస్యం, వాయించేసేవారు. శబ్దం ఎలా వస్తే అలా వచ్చేది. విన్నవాళ్లు సంతోషించి ఇళ్లకు వెళ్లేవారు. (ఆ అరాచకంలో కూడా కొన్ని మంచి పాటలు పుట్టాయని ఒక వదంతి ఉంది. విచారణ జరగవలసి ఉంది.)

ఈ కొత్త యుగంలోకి మన కళ్లద్దాల షాపాయన అడుగుపెట్టింది వాళ్ల అక్క కోసం. అమ్మ పనికి వెళ్తే ఆయన్ని పెంచింది అక్కే. తల దువ్వుతూ ఒక పాట కూనిరాగం తీసేది. అక్క పెద్ద నర్సయింది, తమ్ముడు కళ్లద్దాల షాపు పెట్టుకున్నాడు, ఈ మధ్య గొంతుకు ఆపరేషనై అక్క స్వరం కాస్తా పోయింది. మాట్లాడితే ఇసక మీద కుర్చీ లాగినట్టుంటుంది. వచ్చే నెల ఆమె రిటైర్మెంట్.

"ఒరేయ్, నాకు బొకేలూ ప్రసంగాలూ వద్దు రా," అంది అక్క. "ఆ రోజు మన పాట వాయించు, చాలు. నా గొంతులో అది ఇంక రాదు. నీ చేత్తో ఒక్కసారి వినాలనుంది."

అక్కంటే ఆయనకు ప్రాణం. పాత గిటారు మీద ఆ పాట ఆయన తడుముకోకుండా వాయించగలడు కూడా. మనిషి సుఖాన ఉంటే కష్టం కొని తెచ్చుకుంటాడంటారు చూడండి, అదే జరిగింది. "అక్క పాటకు ఈ డొక్కు శబ్దమా?" అనుకుని, వెళ్లి గిటారు శబ్దాన్ని పెంచి వినిపించే డిజిటల్ యాంప్ ఒకటి కొనుక్కొచ్చాడు.

చూడటానికి అది రొట్టెల డబ్బా అంత ఉంటుంది. పాతకాలపు పేరుమోసిన యాంప్‌లన్నిటి గొంతులనూ అచ్చుగుద్దినట్టు అనుకరిస్తుంది. మిమిక్రీ కళాకారుడి లాంటిదన్నమాట. కాకపోతే మిమిక్రీ ఆయన్ని ఫలానా గొంతు తియ్యమని అడిగితే తీస్తాడు. దీనికి దరఖాస్తు పెట్టుకోవాలి.

స్విచ్ వెయ్యగానే తెర మీద అక్షరాలు వచ్చాయి. "స్వాగతం. మీ శబ్దం ప్రస్తుతం ముసాయిదా స్థితిలో ఉంది." ముసాయిదా దాటి తాత్కాలికం, తాత్కాలికం దాటి శాశ్వతం. ఇందుకు నియమాలు సులభంగానే ఉన్నాయి. సన్నగా పలికే ట్రెబుల్ పెంచాలంటే బొంగురుగా పలికే బేస్ నుంచి నిరభ్యంతర పత్రం రావాలి. బేస్ వచ్చే అప్‌డేట్ దాకా సెలవులో ఉంటుంది. ఆ లోపు ఆ రెంటికీ మధ్యనుండే మిడ్‌ను ఇన్‌చార్జిగా భావించవచ్చు గాని, సంతకం చేసే అధికారం దానికి లేదు.

అన్నిటికన్నా ఆయన్ని కదిలించింది మైకు వ్యవహారం. ఆ డబ్బాలో లేని స్పీకరు ఒకటుంది. దాని ముందు లేని మైకు ఒకటుంది. ఆ లేని మైకును లేని స్పీకరు నుంచి బెత్తెడు దూరం జరపడానికి స్థానచలన విభాగం అనుమతి కావాలి. ఆ రెండూ ఉన్న లేని గదికి గోడలు చెక్కవా, ఇటుకవా అని కూడా యాంప్ అడిగింది. ఆయన షాపులో కూర్చుని పూటంతా ఆలోచించి, చెక్కే నయమని తేల్చాడు. (సొంతిల్లు కట్టేటప్పుడు గోడల గురించి మేస్త్రీ ఏది చెబితే దానికి తలూపిన మనిషే ఈయన.)

దిక్కుతోచక ఇంటర్నెట్‌లో శబ్ద వృద్ధుల సంఘాన్ని ఆశ్రయించాడు. దాని అధ్యక్షుణ్ణి అందరూ, యాంప్ మీది ఒక మీట పేరు పెట్టి, గెయిన్ తాతగారంటారు. ఎవరు ఏ సందేహం అడిగినా కాఫీ చల్లారేలోగా జవాబిస్తాడు.

"నాయనా, పాట మాత్రం వాయించకు," అని హెచ్చరించాడు తాతగారు. "పాట బాగుంటే శబ్దం కూడా బాగున్నట్టే అనిపిస్తుంది. చెవి మోసపోతుంది. జి మేజర్ కార్డ్ ఒక్కటే మీటు. మూడు వేళ్లు నొక్కు, ఆరు తీగలూ ఒక్క ఊపున మీటు, విను. అంతే."

"మీరు ఎలాంటి పాటలు వాయిస్తారు తాతగారూ?"

"ఇంకా శబ్దం కుదర్లేదు నాయనా."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో జి మేజర్ తప్ప వేరే శబ్దం లేదు. షాపులో పగలంతా "ఇది స్పష్టంగా ఉందా, ఇదా?" అని కళ్ల పరీక్ష చేసి, సాయంత్రం ఇంటికొచ్చి ఇస్త్రీ చేసుకుంటున్న భార్యకు చెవుల పరీక్ష మొదలుపెట్టేవాడు.

"ఇది బాగుందా, ఇదా?"

"రెండూ ఒకటే కదండీ."

"సరిగ్గా విను. మొదటిదాంట్లో గాలి ఆడుతోంది. రెండోదాంట్లో ఆడటం లేదు."

"గాలి ఆడకపోతే కిటికీ తియ్యండి. అది కాదు గానీ, వదిన పాట ఒక్కసారి వాయించరాదూ? నేనూ వింటాను."

"ముసాయిదాలో పాటేమిటే? పద్ధతీ పాడూ ఉండక్కర్లేదా?" అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుని.

దరఖాస్తు కదలడం లేదని చివరికి యాంప్ కంపెనీ తరఫున ప్రాంతీయ శబ్ద తనిఖీ అధికారి ఇంటికొచ్చాడు. మంచినీళ్లు వద్దన్నాడు. "మీటండి," అన్నాడు. ఆయన మీటాడు. అధికారి కళ్లు మూసుకుని విని, మెనూలోకి దిగి చాలాసేపటికి బయటికొచ్చాడు.

"ఇందులో వెచ్చదనం అని ఒక మీట ఉంది. దీన్ని సవరిస్తున్నారా?"

"కొన్నప్పట్నుంచీ దాని మీదే ఉన్నాను సార్. నిన్న ఒక వెంట్రుకవాసి తగ్గించేసరికి తేనె పోసినట్టయింది."

"అది ఆపేసి ఉందండీ. ఒక్కసారి కూడా ఆన్ కాలేదు."

షాపులో సందేహాలరాయుళ్లు వస్తే ఆయన కూడా ఉత్త గాజుపలక ఒకటి కంటి ముందు పెట్టి "ఇప్పుడో?" అంటాడు. "ఆఁ, ఇప్పుడు బ్రహ్మాండంగా కనిపిస్తోంది" అంటారు వాళ్లు. వాళ్లు వెళ్లాక ఎంత నవ్వుకునేవాడో గుర్తొచ్చి ఆయనకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అధికారి మాత్రం లేచి నిలబడి చెయ్యి కలిపాడు.

"ఉన్న తేడా ఎవరైనా వింటారు. లేని తేడా వినగలిగారంటే అది మామూలు చెవి కాదు. మిమ్మల్ని ప్రత్యేక శ్రేణిలో చేరుస్తున్నాను."

సిగ్గు ఎగిరిపోయింది. "ఆదివారం మా అక్క రిటైర్మెంట్ సార్. ఆ వేళకి శాశ్వతం చేసెయ్యండి," అని బతిమాలాడు.

"పడగ్గదిలో మంజూరైన శబ్దం హాల్లో చెల్లదు. నేనే అక్కడికొచ్చి చూస్తాను."

ఆదివారం ఆసుపత్రి క్యాంటీన్‌లో బల్లలు గోడవారకు జరిపి కుర్చీలు వేశారు. యాంప్ ఆన్ చెయ్యగానే అప్‌డేట్ మొదలైంది. అదే సమయానికి సూపరింటెండెంటు ప్రసంగం మొదలుపెట్టాడు. పోటీలో అప్‌డేటే ముందు ముగిసింది. అధికారి హాలు నాలుగు మూలలా నిలబడి ప్రతిధ్వని విని, ప్రసంగం ముగిసిన చప్పట్ల మధ్య డబ్బా మీద ముద్ర వేశాడు. శాశ్వతం.

అక్క ముందు వరసలో కూర్చుని కళ్లు మూసుకుంది. ఆయన జి మేజర్ మీటాడు. అబద్ధం ఎందుకు, అంత మంచి శబ్దం ఆ గోడలు ఎన్నడూ విని ఉండవు. కప్పులు కడుగుతున్నవాళ్లు కూడా చేతులాపి చూశారు. అది మెల్లగా కరిగిపోయింది. అందరూ తర్వాతి దానికోసం చూస్తున్నారు.

తర్వాతిది రాలేదు. వేళ్లు పైకి లేచాయి, గాలిలో కాసేపు వెతికాయి, మళ్లీ జి మేజర్ మీదే వాలాయి. ఇంకోసారి మీటాడు. అదే. ఒకప్పుడు తడుముకోకుండా వచ్చిన పాట, ఏ వేలితో మొదలయ్యేదో కూడా గుర్తు రావడం లేదు.

అక్క కళ్లు తెరిచింది. "శబ్దం చాలా బాగుంది రా. ఇంక పాట మొదలుపెట్టు."

"అక్కా..." అన్నాడాయన. ఏడుపొక్కటే తక్కువ.

అక్కకు అర్థమైంది. కుర్చీ ముందుకు జరుపుకుంది. "మర్చిపోయావా? పోన్లే, దానికంత మొహం వేలాడేసుకోవడం ఎందుకు రా? నేను అందిస్తాను, అందుకో," అని, ఆ పాడైపోయిన గొంతుతోనే కూనిరాగం అందుకుంది. స్వరం ఒకచోట చీలింది, ఒకచోట ఊపిరి తప్ప ఏమీ రాలేదు, అక్కడ ఆగి మింగి మళ్లీ పట్టుకుంది. ఆమె రాగం కింద ఆయన జి మేజర్ మీటుతూ పోయాడు. కొన్నిచోట్ల కలిసింది, కొన్నిచోట్ల కలవలేదు. క్యాంటీన్ వంటాయన వెళ్లి పొగగొట్టం ఫ్యాను ఆపేశాడు. సూపరింటెండెంటు కూడా నోరు మూసుకుని విన్నాడు.

అధికారి చివరిదాకా నిలబడే విన్నాడు. అయిపోయాక కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, కలం తీసి నివేదిక పూర్తి చేశాడు.

"గొంతు: గరగర అధికం, ప్రమాణాలకు తగినట్టు లేదు. ముసాయిదా కూడా దాఖలు చేయకుండా పాడినందుకు హెచ్చరిక. జి మేజర్ సంతృప్తికరం."