రెండు గదిపడవల తులనాత్మక పరిశీలన

మనిషి నది దాటాలంటే ముందుగా కావలసింది పడవ కాదు, పద్దు. పద్దు లేని పడవలు లోకంలో చాలా ఉన్నాయి. అవి నీటి మీద తేలతాయి తప్ప కాగితం మీద తేలవు. ఈ సత్యాన్ని గోదావరిఖనిలోని ఒక బొగ్గు కంపెనీ సంక్షేమ కార్యాలయం డెబ్బయ్యో దశకం మొదట్లో కనుగొన్నది.

గంగ అవతలి ఒడ్డు పల్లెల నుంచి గనుల్లో పనిచేసేవాళ్లు రోజూ నాటు పడవలో వచ్చిపోయేవారు. (గోదావరిని అక్కడ గంగ అనే అంటారు. గోదావరి అన్నది పటాల్లో రాసుకునే పేరు.) ఒక వానాకాలం ఆ పడవ నడి ఏట్లో బోల్తాపడింది. మనుషులు ఈదుకుంటూ ఒడ్డెక్కారు. వాళ్ల హెల్మెట్లు మాత్రం సముద్రం వైపు వెళ్లిపోయాయి. హెల్మెట్లు కంపెనీ ఆస్తి కనుక కంపెనీ కదిలింది.

మంచి మోటారు పడవ కొనాలని తీర్మానించారు. అయితే రవాణా పద్దులో పడవ లేదు. లారీ ఉంది, బస్సు ఉంది, గనిలో పట్టాల మీద తిరిగే బొగ్గు టబ్బు ఉంది. నీళ్ల ప్రస్తావన ఒక్కచోటే ఉంది, అదీ బయటికి తోడిపోయవలసిన పదార్థంగా. 'కుటుంబ సంక్షేమం, వినోదం' అనే పద్దు మాత్రం ఖాళీగా కూర్చుని ఉంది. కాబట్టి కుటుంబాలు విహరించే పడవ కొంటే, అందులో కార్మికులు డ్యూటీకి విహరిస్తూ రావచ్చని తేల్చారు. కుటుంబం అన్నాక గది కావాలి. గది అన్నాక పడుకునే బల్లలు, వంట స్టవ్వు, కిటికీకి పరదా కావాలి. పైగా కంపెనీ ఆస్తి పొద్దుగూకేసరికి కంపెనీ గేటు లోపల ఉండాలన్నది భద్రతా విభాగం నియమం. అందువల్ల ట్రాలీ మీదికెక్కించి జీపుతో లాక్కురాగలిగిన పడవే పనికొస్తుంది.

ఆ విధంగా, బొగ్గుపెళ్లలు ఎత్తే మనిషి ఈ ఒడ్డుకు రావడానికి, పెద్దింటి సంసారం సెలవుల్లో సరస్సు మీద కాపురం పెట్టడానికి తగిన పడవ అవసరమైంది. అలాంటివి చేసేవాళ్లు ఇద్దరే దొరికారు, బొంబాయిలో ఒకరు, కలకత్తాలో ఒకరు. రెండు పడవలూ పరిశీలన కోసం గూడ్సు బండి మీద రామగుండం స్టేషన్లో దిగి, ట్రాలీలతో సహా స్టోర్సు ఆవరణలో పక్కపక్కన నిలబడ్డాయి.

వీటిలో మేలైనదేదో పోల్చి రాయవలసిన బాధ్యత సంక్షేమ కార్యాలయం గుమాస్తా యిర్మియా మీద పడింది. యిర్మియా భయస్తుడు. ఆఫీసరు తుమ్మినా లేచి నిలబడేవాడు. కానీ ఈ పని మీద అతనికి సొంత శ్రద్ధ ఉంది. చెల్లెలు రాములమ్మను అవతలి ఒడ్డు పల్లెకే ఇచ్చారు. ఆమె భర్త దయాసాగర్ గనిలో కోల్‌కట్టర్. రాములమ్మకు వానాకాలానికి నెలలు నిండుతాయి, మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. దవాఖాన ఈ ఒడ్డున ఉంది. వానలకు ముందే ఏదో ఒక పడవ నీళ్లలో పడితే చాలని యిర్మియా రోజూ ప్రార్థన చేసుకునేవాడు. (బొంబాయిదా కలకత్తాదా అన్నది దేవుడికే వదిలేశాడు.)

అతను రెండు పడవల చుట్టూ తిరిగి, లోపలికి దూరి, బల్లల మీద కూర్చుని చూశాడు. పొడవు అదే, ఇంజను అదే, తెల్లరంగు అదే. ఉన్నదున్నట్టు రాసి సంక్షేమాధికారి లింగమూర్తి ముందు పెట్టాడు. లింగమూర్తి చదివి కళ్లద్దాలు తీశాడు.

"రెండూ ఒక్కటే అని రాసినవేందయ్యా?"

"ఒక్కటే ఉన్నయి సార్. ఏది కొన్నా మంచిదే."

"ఏది కొన్నా మంచిదైతే ఒకటి ఎందుకు కొన్నవని ఆడిట్ల అడుగుతరు. రెండోది ఎందుకు ఇడిసిపెట్టినవని గూడ అడుగుతరు. తేడా ఉండాలె. పోయి జూడు."

యిర్మియా మళ్లీ పోయి చూశాడు. బొంబాయి పడవ పరదాల మీద నీలిపూలు, కలకత్తా పడవ పరదాల మీద పచ్చపూలు. బొంబాయి వాళ్ల స్టవ్వు ఎడమ పక్క, కలకత్తా వాళ్లది కుడి పక్క. ఈ తేడాలు బయటపడగానే కార్యాలయానికి ప్రాణం లేచివచ్చింది. పూల విషయం ఆఫీసర్ల భార్యల క్లబ్బుకు పంపారు. అక్కడ అభిప్రాయం సరిగ్గా సగానికి చీలింది. స్టవ్వు విషయం సేఫ్టీ విభాగానికి పంపారు. గని లోపల అగ్గిపెట్టె నిషేధం కనుక స్టవ్వున్న పడవలో వచ్చినవాణ్ని గనిలోకి దింపవచ్చునా అని వాళ్లు ఎదురుప్రశ్న వేశారు. ఒక కార్మిక సంఘం నీలిపూలను సమర్థించిందని తెలిసి, రెండో సంఘం పచ్చపూల కోసం గేటు మీటింగు పెట్టింది.

చివరికి నీటిలో పరీక్షించి తేల్చాలన్నారు. అప్పటికి నడి ఎండాకాలం, ఏట్లో ఇసుక తప్ప ఏమీ లేదు. నీళ్లు రానివ్వండి అన్నారు. నీళ్లు వచ్చాయి. వరదలో కొత్త పడవ దించరాదని సేఫ్టీ విభాగం ఆపింది. పరీక్షకు అనువైన నీళ్లు, అంటే ఇసుకకు పైన, వరదకు కింద ఉండేవి, ఎప్పుడు వస్తాయో తెలపమని నీటిపారుదల శాఖకు రాశారు.

వరద పెరిగి నాటు పడవ కూడా ఆగిపోయింది. ఈ ఒడ్డున చిక్కుకుపోయిన దయాసాగర్, యిర్మియా క్వార్టర్లోనే ఉండి డ్యూటీకి పోతున్నాడు. అన్నం ముందు కూర్చునేవాడు కానీ తినేవాడు కాదు.

అలాంటి ఒక మధ్యాహ్నం, అవతలి ఒడ్డున చేపలు పట్టే ఆగయ్య, తేలడానికి సొరబుర్రలు నడుముకు కట్టుకుని గంగను ఈదుకుంటూ వచ్చి, తడిబట్టలతోనే సంక్షేమ కార్యాలయం గడపలో నిలబడ్డాడు.

"యిర్మియన్నా, నీ చెల్లెకు పొద్దటి సంది నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందట. మంత్రసాని చేతులెత్తేసింది. జల్ది దవాఖానకు తేవాలె."

యిర్మియా లింగమూర్తి గదిలోకి పరుగెత్తాడు. జీవితంలో మొదటిసారి తలుపు కొట్టడం మరిచిపోయాడు.

"సార్, ఒక పడవ ఇయ్యిండ్రి. నా చెల్లె పాణం పోయేటట్టున్నది."

లింగమూర్తి చెడ్డవాడు కాదు. అతని ముఖం నిజంగానే పాలిపోయింది. "ఏ పడవ ఇయ్యమంటవ్?" అన్నాడు. "ఇంక తేలలేదు గద."

యిర్మియా అతని ముఖంలోకి చూశాడు. తర్వాత ఏం జరిగిందో అతనికి తర్వాత కూడా సరిగా గుర్తులేదు. స్టోర్సు దగ్గర జీపు డ్రైవరు నర్సింగం భుజం పట్టుకుని ఊపాడు. "నర్సింగం, ట్రాలీ కట్టు!"

"ఏదన్నా? నీలిపూలదా, పచ్చపూలదా?"

"గేటుకు ఏది దగ్గరుంటే గదే!"

కలకత్తా పడవ దగ్గరుంది. కబురంది గనిలోంచి వచ్చిన దయాసాగర్ బొగ్గు ముఖంతోనే జీపు ఎక్కాడు. ఒడ్డున నలుగురూ కలిసి పడవను నీళ్లలోకి నెట్టారు. ఇంజను పని నర్సింగం పట్టాడు, దారి చెప్పే పని ఆగయ్య పట్టాడు. వరద ఎర్రగా పొంగుతూ చెట్లకు చెట్లను మోసుకొస్తోంది. ఒక మొద్దు పక్కకు తగిలి పడవ ఒరిగినప్పుడు, ఈత రాని యిర్మియా స్టవ్వును కౌగిలించుకుని కీర్తన ఎత్తుకున్నాడు. దయాసాగర్ మాత్రం ముందుకు వంగి అవతలి ఒడ్డునే చూస్తున్నాడు.

రాములమ్మను మంచంతో సహా మోసుకొచ్చి గదిలో బల్ల మీద పడుకోబెట్టారు. ఆమె అన్న చెయ్యి ఎముకలు విరిగేలా పట్టుకుంది.

"అన్నా, నేను బతుకుతనా?"

"బతుకుతవ్ బిడ్డా. గీ పడవల స్టవ్వు గూడ ఉన్నది, చూడు," అన్నాడు యిర్మియా. ఏం మాట్లాడుతున్నాడో అతనికే తెలియదు.

పొద్దుగూకే లోపల దవాఖానలో డాక్టరమ్మ కడుపు కోసి ఆడపిల్లను తీసింది. తల్లీ బిడ్డా దక్కారు. ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవారు కాదని ఆమె చెప్పినప్పుడు దయాసాగర్ వరండాలో కూలబడి, ముఖం మీద బొగ్గంతా చారలు కట్టేలా ఏడ్చాడు.

మర్నాటి నుంచి విచారణ. యిర్మియా ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు. వారం తర్వాత లింగమూర్తి పిలిచి, ఎప్పుడూ లేనిది, కుర్చీ చూపించాడు.

"కూసో. నీ మీద యాక్షన్ లేదు. హెడ్డాఫీసు శానా ఖుషీ అయింది. వరదల గూడ సేవ ఆగలేదని నీకు మెచ్చుకోలు పత్రం వచ్చింది."

యిర్మియా కళ్లలో నీళ్లు తిరిగాయి. "మరి పడవ కొంటున్నమా సార్?"

"ఎట్ల కొంటం? పోల్చాలంటే రెండూ ఒక్క తీరుండాలె. ఇప్పుడు ఒకటి తడిసింది, ఒకటి తడవలే. తడిసింది వాడిన సామాను, తడవనిది పరీక్ష కానిది. రెండూ వాపస్ పంపుతున్నం." లింగమూర్తి ఒక చిత్తుకాగితం ముందుకు జరిపాడు. "ఇది టైపు కొట్టు."

యిర్మియా చదివాడు. వరద రోజుల్లో కంపెనీ పడవ గంగ మీద నడిచినట్టు విచారణలో రుజువైనందున, వరద కారణంగా డ్యూటీకి రాని అవతలి ఒడ్డు కార్మికులందరికీ ఆ రోజులు గైర్హాజరుగా వేసి, జీతం కోయడమైనది. అందుబాటులో ఉన్న సౌకర్యాన్ని వారు ఎందుకు వాడుకోలేదో వెంటనే సంజాయిషీ ఇవ్వవలెను.

"సార్, పడవ నడిచింది ఒక్కసారే గద?"

"నడిచిందా లేదా?"

యిర్మియా టైపు కొట్టాడు. లింగమూర్తి సంతకం పెట్టి, చాలా అత్యవసరం అని పైన ఎర్రసిరాతో రాశాడు.

ఉత్తరువు అవతలి ఒడ్డుకు చేరేసరికి మాత్రం వానాకాలం వెళ్లిపోయింది. వరద తగ్గి నాటు పడవ కదిలేదాకా, పట్టుకెళ్లడానికి పడవ లేదు.