చేతికి అంటని నూనె

ఇకమీదట ఈ ప్రభుత్వంలో ఎవరి చేతికీ మసి అంటదని జలరవాణా మంత్రిగారు ప్రకటించారు. ప్రభుత్వ పడవలన్నిటికీ ఇంజను పక్కనే నూనె మార్చే పంపు బిగిస్తారట. మీట ఇటు నొక్కితే పాత నూనె డబ్బాలోకి, అటు నొక్కితే కొత్త నూనె ఇంజన్లోకి. మనిషి చక్రం కనిపెట్టాక మళ్లీ ఇంత పని జరగలేదని మంత్రిగారు సెలవిచ్చారు. ఒక విలేకరి, ఆ చక్రం ఏ ప్రభుత్వ హయాంలో కనిపెట్టారని అడగబోయి, పక్కాయన గిల్లితే ఊరుకున్నాడు. మొదటి పంపు పెద్దరేవు పడవకి మంజూరైంది.

ఆ పడవ నడిపే సరంగు వార్త విని నిజంగానే పొంగిపోయాడు. పంపు మంచిదే, ఆ మాట ముందే ఒప్పేసుకుందాం. అంతవరకూ నూనె మార్చాలంటే ఇంజను పక్క సందులోకి పాకుతూ దూరి, కంటికి కనపడని బిరడాని చేత్తో తడిమి విప్పాలి. వేడి నూనె మోచేతిదాకా కారేది. సగం డబ్బాలో పడితే సగం పడవ అడుక్కి చేరేది. అలా ఇంటికెళ్తే భార్య గుమ్మంలోనే ఆపి సబ్బుముక్క చేతికిచ్చేది.

పైగా పడవ ఆరోగ్యంతో ఇప్పుడతనికి సొంత అవసరం పడింది. కూతుర్ని అవతలి ఒడ్డున ఇచ్చాడు. ఆ పిల్లకి నెలలు నిండాయి. ఆస్పత్రి ఇవతలి ఒడ్డున ఉంది. రోడ్డు మీద చుట్టూ తిరిగి రావచ్చు గానీ, ఆ రోడ్డు మీద బస్సెక్కితే కాన్పు బస్సులోనే అవుతుందని డాక్టరమ్మ ఖండితంగా చెప్పింది. ఇంజను పడవ వచ్చాక తెడ్డు పడవలన్నీ పొయ్యిలోకి పోయాయి. అంచేత పిల్ల రావాలంటే నాన్న పడవలోనే రావాలి. ప్రారంభోత్సవం అయిన మర్నాడే వచ్చి తీసుకెళ్తానని సరంగు ఫోన్లో మాటిచ్చాడు.

పంపు బిగించారు. శాఖ ఇంజనీరుగారు దూరదృష్టి గల మనిషి. రిహార్సల్లో మీట నొక్కి చూస్తే నల్లటి నూనె వచ్చింది. వాడిన నూనె నల్లగానే ఉంటుందని సరంగు మనవి చేసుకున్నాడు. ఇంజనీరుగారు వణికిపోయారు.

"నల్లగానా? మంత్రిగారి తెల్లబట్టల ముందు, కెమెరాల ముందు నల్లగానా? ఇది ప్రభుత్వం మీద విమర్శ కాదటయ్యా?"

వెంటనే ఆ నల్ల నూనె స్టోరుకి అప్పజెప్పించి, కొత్త నూనె తెప్పించి ఇంజన్లో పోయించారు. అది నల్లబడకుండా, ఇంజను ముట్టుకోవద్దని సరంగుకి గట్టి హుకుం ఇచ్చారు.

మర్నాడు మంత్రిగారు మీట నొక్కారు. బంగారం రంగు నూనె ధారగా గాజు కూజాలోకి దిగింది. జనం చప్పట్లు కొట్టారు. మంత్రిగారు కూజాని ఎండకెత్తి చూసి, గత ప్రభుత్వాల్లో కొత్త నూనె కూడా ఇంత స్వచ్ఛంగా ఉండేది కాదని, మనకి పాత నూనే ఇలా ఉందని ప్రసంగించారు. అలాంటి నూనె రేవులో ఉండడం తగదని కూజాతో సహా రాజధాని ప్రదర్శనకి పట్టుకెళ్లారు. మీట రెండోవైపు నొక్కడం కార్యక్రమంలో లేదు.

సరంగు ఖాళీ డబ్బా పట్టుకుని స్టోరుకి వెళ్లాడు. స్టోరుకీపరు మంచివాడే, కానీ దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఆయన్ని చూశాకే పుట్టి ఉంటుంది. పాత నూనె అప్పజెబితేనే కొత్త నూనె ఇవ్వాలన్నది ఆ స్టోరు పుట్టినప్పటి నుంచీ ఉన్న ఆచారం.

"పాత నూనె ఏదయ్యా?"

"రాజధానిలో ప్రదర్శనకి పెట్టారండి."

"భేషుగ్గా ఉంది. ప్రదర్శన అయ్యాక పట్టుకురా."

ప్రదర్శన ఎప్పుడవుతుందని అడిగితే, ప్రజల ఆదరణ బట్టి పొడిగిస్తున్నారని తెలిసింది. పోనీ బజార్లో కొని పోస్తానని సరంగు ఇంజనీరుగారి దగ్గరికెళ్లాడు. బయటి నూనె తగిలితే పంపు గ్యారంటీ పోతుందని ఆయన హడలిపోయి, ఇంజను మూతికి లక్క సీలు వేయించారు. సీలు పగిలితే ఉద్యోగం పగులుతుందని మెత్తగానే చెప్పారు.

ఈలోగా ఇతర శాఖల బృందాలు పంపుని చూడటానికి రాసాగాయి. వచ్చినవాళ్లు మీట నొక్కుతారు, లోపల ఏమీ లేని పంపు గుర్రుమంటుంది, వాళ్లు చేతులు చూసుకుని నిజంగానే మసి అంటలేదని ముచ్చటపడి వెళ్తారు. పంపు పెట్టాక పెద్దరేవు పడవ ఒక్కసారీ చెడిపోలేదని, ఒక్క ప్రయాణికుడూ ఫిర్యాదు చేయలేదని శాఖ నివేదిక పంపింది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

"ఆ పంపు నూనె మార్చడానికి పెట్టారా, పడవ ఆపడానికి పెట్టారా?" అంది సరంగు భార్య అన్నం వడ్డిస్తూ. అతనికి భయం పట్టుకుంది. కూతురు రోజూ ఫోన్ చేసేది, అతను రోజూ నూనె రాగానే వస్తానమ్మా అనేవాడు. ఆ మాట చెప్పి చెప్పి అతనికే చేదుగా ఉంది.

అప్పుడు చల్లని కబురొచ్చింది. మంత్రిగారు స్వయంగా అదే పడవలో అవతలి ఒడ్డుకి వెళ్లి విజయోత్సవ సభలో మాట్లాడతారట. సరంగు ప్రాణం లేచొచ్చింది. ప్రజలకి పడవ కావాలంటే నూనె రాదుగానీ, మంత్రిగారికి కావాలంటే నడుచుకుంటూ వస్తుంది. తిరుగు ప్రయాణంలో పిల్లని తెచ్చుకోవచ్చు. భార్య ఆస్పత్రికి కావలసిన బట్టలు సర్దేసింది.

ఆ రోజు తెల్లారి రేవుకెళ్తే నూనె డబ్బా లేదు. పడవకి తాళ్లు మాత్రం కొత్తవి కట్టి ఉన్నాయి. రేవుకి ఈ చివరొక స్వాగత ద్వారం, ఆ చివరొక స్వాగత ద్వారం వెలిశాయి. రెండోదాని మీద "అవతలి ఒడ్డు ప్రజల ఘన స్వాగతం" అని రాసుంది. దాని వెనక స్టోరుకీపరు, గుమస్తాలు, వాళ్ల కుటుంబాలు అవతలి ఒడ్డు ప్రజలై దండలు పట్టుకుని నిలబడ్డారు.

"సార్, నూనె?" అన్నాడు సరంగు.

"నూనె ఎందుకయ్యా? నువ్వు చుక్కాని తిప్పు, చాలు. ముఖం కొంచెం నీటివైపు పెట్టు," అన్నారు ఇంజనీరుగారు.

మంత్రిగారు మొదటి ద్వారంలోంచి వచ్చి పడవ ముందువైపు నుంచి ఎక్కారు. ఒడ్డు మీద కూలీలు తాళ్లు లాగితే పడవ ఉన్నచోటనే మెల్లగా తిరిగింది. టీవీ వాళ్లు నీళ్లవైపు కెమెరా పెట్టి ప్రత్యక్ష ప్రసారం చేశారు. పడవ ముందుభాగం రేవు ఆ చివరకి తిరిగాక మంత్రిగారు చెయ్యూపుతూ రెండో ద్వారంలోకి దిగారు.

"ప్రయాణం ఎంత హాయిగా ఉందండీ! ఇంజను చప్పుడే లేదు," అన్నారాయన మైకులో. అవతలి ఒడ్డు ప్రజలు హర్షధ్వానాలు చేశారు. ఇన్నేళ్లుగా ఈ ఒడ్డుని ఎవరూ పట్టించుకోలేదని ఆయన గద్గద స్వరంతో అన్నప్పుడు స్టోరుకీపరు కళ్లు తుడుచుకున్నాడు.

సరంగు ఇంకా చుక్కాని పట్టుకునే ఉన్నాడు. ఎవరూ వదలమనలేదు. జేబులో ఫోన్ మోగింది.

"నాన్నా, టీవీలో చూశాం. పొద్దున్నించీ నడుం ఒకటే నొప్పి, అందుకే ఈయన నన్ను రేవుకి తీసుకొచ్చేశారు. మంత్రిగారు మా ఒడ్డునే దిగారటగా, ఇక్కడ ఎవరూ లేరేంటి? పడవ ఏ పక్కన కట్టావు నాన్నా?"