కాళ్ళలో చీమలు

నా మోకాళ్ళ కింద చీమలు కాపురం పెట్టాయి. కనబడే చీమలైతే చీపురు పట్టేదాన్ని. ఇవి తిమ్మిరి చీమలు.

పక్షవాతం ఇలాగే మొదలవుతుందని పక్కింటావిడ చెప్పింది. ఆవిడ చెప్పకపోయినా నేను అక్కడికే వచ్చేదాన్ని.

"ఏవండీ, నేను పోతే అమ్మాయికి క్యారియర్ ఎవరు కడతారు?"

గడియారాలు బాగుచేసే మా ఆయన కంటి మీది భూతద్దం తీయకుండానే చూశారు. "కట్టేసే పో."

"మీకన్నీ వేళాకోళమే."

"పోతాను పోతానంటావు గానీ డాక్టరు దగ్గరికి మాత్రం పోవు."

ఎలా పోను? అక్కడ ఒక నిజం దాచాలి మరి. మా అమ్మాయి కొత్తగా బస్సు డ్రైవరైంది. బస్సు మా వీధిలోంచే వెళ్తుంది. మొదట్లో గుమ్మంలో నిలబడి "మెల్లగా తల్లీ" అని కేకేశాను. బస్సంతా నవ్వింది. "ఇంకోసారి కాపలా కాశావంటే వేరే రూటు వేయించుకుంటా" అంది అమ్మాయి.

వేరే రూటైతే నా కళ్ళకు కనబడదు. అందుకని వంటింట్లో పొట్టి స్టూలెక్కి, మోకాళ్ళు మడిచి, కర్టెన్ సందులోంచి చూస్తున్నాను. ట్రాఫిక్కును నమ్మలేం గనక చాలా ముందే ఎక్కుతాను. సరిగ్గా మా కిటికీ దగ్గరే రోజూ హారన్ మోగుతుంది. ఏ కుక్క అడ్డొచ్చిందోనని గుండె జారిపోతుంది.

చివరికి మా ఆయనే నన్ను లాక్కెళ్ళారు. డాక్టరమ్మ మోకాలి మీద సుత్తితో కొట్టింది, పాదంలో సూదితో గుచ్చింది, రక్తపరీక్ష కాగితాలు చూసింది.

"షుగర్ లేదు, విటమిన్లు బాగానే ఉన్నాయి. ఎక్కువసేపు కాళ్ళు మడిచి కూర్చుంటారా?"

"నాకు కూర్చునే తీరికేదమ్మా."

అంతలో వీధిలో హారన్ మోగింది. నేనెప్పుడు లేచానో నాకే తెలియదు. తెలివొచ్చేసరికి కిటికీ పక్క బెంచీ మీద మోకాళ్ళు మడిచి, కర్టెన్‌లో ముక్కు దూర్చి ఉన్నాను. వెళ్ళింది పాలవ్యాను.

"జబ్బు దొరికింది. నరాలు నొక్కుకుపోతున్నాయి" అంది డాక్టరమ్మ. "రోజూ ఇలా ఎంతసేపు?"

"గంటన్నర" అన్నారు మా ఆయన.

"మీకెలా తెలుసు?" అన్నాను.

"గడియారాలవాణ్ణి కదా."

"ఇది మానండి. అప్పటికీ తగ్గకపోతే మళ్ళీ రండి" అంది డాక్టరమ్మ.

సాయంత్రానికి అమ్మాయికి కబురు చేరిపోయింది. ఎత్తైన మెత్తటి కుర్చీ ఒకటి మోసుకొచ్చి కిటికీ దగ్గర వేసింది.

"రూటు మార్చుకోవుగా?" అన్నాను దొంగచూపులు చూస్తూ.

"మార్చుకునేదాన్నైతే ఎప్పుడో మార్చుకుందును. కర్టెన్ సందులో నీ ముక్కు మొదటిరోజే కనబడిందమ్మా."

"పోనీలే. రోజూ ఇక్కడే అడ్డొస్తుంది, ఆ కుక్క జాగ్రత్తే."

"ఏ కుక్క? హారన్ కొట్టేది నీకు. నేను బాగానే ఉన్నా, ఇక స్టూలు దిగమని."

మర్నాడు కొత్త కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. హారన్ మోగింది. కర్టెన్ పూర్తిగా లాగి, బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాను.

కాళ్ళలో చీమలు లేవు. ఊపి ఊపి చెయ్యి మాత్రం తిమ్మిరెక్కింది.