మెడ ఒకటి, పెండ్లిళ్లు రెండు

మా అత్త మణెమ్మ ఆళ్లగడ్డలో దగ్గితే నంద్యాలలో నాకు చెమటలు పడతాయి. ఆమె కోపం ఇంతవరకు చూడలేదు. ఆదివారం చూడబోతున్నానని తెలిసినప్పటి నుంచి అన్నం సయించడం లేదు.

ఆ రోజు చర్చిలో ఆరాధన కాగానే అత్తింట్లో మా బామ్మర్ది రాజశేఖర్ పెళ్లి వీడియో వేస్తారు. పెళ్లి వీడియోలు తీయడమే నా పని, ఇదీ తీసింది నేనే. అందులో తాళి కట్టే ఘట్టం లేదు.

అతని పెళ్లికి ముందురోజు గోస్పాడులో ఇంకో పెళ్లి తీస్తూ తెల్లవార్లూ నిలబడ్డాను. రాజశేఖర్ పెళ్లిలోనేమో తాళికి ముందు జకరయ్య పాస్టరుగారి ప్రార్థన. అప్పుడు కెమెరా తిరిగితే ఆయనకు గిట్టదు. ఆపేసి అందరిలాగే కళ్లు మూసుకున్నాను. ఆయన ప్రార్థన ఆదాము దగ్గర మొదలవుతుంది. ఆమెన్ అందరికీ వినపడింది, నాకు తప్ప. కళ్లు తెరిచేసరికి పెళ్లికూతురు సుప్రజ మెడలో తాళి ఉంది.

భయంలోనే ఉపాయం తట్టింది. క్లోజప్‌లో మొహాలుండవు కదా! వెనకనుంచి మెడ, రెండు చేతులు, ముడి. మెడ ఎవరిదైతేనేం? ఇంట్లో నా భార్య ప్రియదర్శిని మెడ ఉండనే ఉంది.

"కొత్త లెన్సు చూడాల. తెల్లచీర కట్టుకొని అట్ల తిరిగి కూచో."

"లెన్సు చూసేకి తెల్లచీర ఎందుకప్పా?"

"వెలుతురు బాగా పడతాది."

"మల్లెపూలు?"

"అవీ వెలుతురుకే."

"ఈ ఎండల్లో నువ్వు కోటేసుకుండావేందీ?"

"చలిగా ఉండాది."

"అందుకేనా ఇట్ల చెమటలు కారతాండాయి?"

కెమెరా స్టాండుకు పెట్టి, వెనక నిలబడి దారం ముళ్లేస్తున్నా ఇంకేమీ అడక్కుండా కూర్చుంది. నా మాట అంత సులువుగా ఆమె ఎన్నడూ వినలేదు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

ఆదివారం అత్తింటి హాలంతా సంఘస్థులే. నేను తలుపు దగ్గర, చెప్పులకు అందేంత దూరంలో నిలబడ్డాను. నా క్లోజప్ వచ్చింది. అత్త కళ్లొత్తుకుంది.

"ఎంత దగ్గరికి చూపించినావు నాయనా!"

పోయిన ప్రాణం లేచొచ్చింది.

"అమ్మా, నేనూ సెల్లులో తీసినా," అంది ప్రియదర్శిని. "దగ్గర కాదు, వైడ్ షాటు. అందరూ పడినారు."

అదీ టీవీలో పెట్టింది. నిజంగానే అందరూ పడ్డారు. రాజశేఖర్ తాళి కడుతున్నాడు. ఆ పక్కన స్తంభానికి ఆనుకొని, నోరు తెరుచుకొని, కెమెరా కడుపు మీద వేలాడేసుకొని నేను నిద్రపోతున్నాను.

హాల్లో తలలన్నీ నావైపు తిరిగాయి. సుప్రజే అడిగింది.

"వదినా, మరి ఇందాకటి మెడ ఎవురిది?"

"నాదే. మొన్న మీ అన్న మళ్లా కట్టినాడు." నావైపు తిరిగింది. "నువ్వే చెప్తావేమోనని ఇన్ని దినాలూ చూస్తాండా."

అత్త లేచింది. పారిపోదామంటే చెప్పులు కనిపించలేదు. ఆమె దగ్గరికొచ్చి నిలబడింది.

"తాళి కట్టినావా, లేదా?"

"దారమే అత్తా..."

"మూడు ముళ్లేసినావా?"

"ఏసినా."

"అయితే పెండ్లే. విందు యాడ?"

పాస్టరుగారు కూడా తలూపారు. వచ్చే ఆదివారం సంఘం మొత్తానికి నంద్యాలలో మా ఇంట్లో బిర్యానీ. కెమెరా ప్రియదర్శిని పట్టుకుంటుంది. నాకు ఒక్కటే చెప్పింది, కళ్లు తెరుచుకొని ఉండమని.